రెండో అర్థం వెంట ఆనేకల్లు దాకా

బెంగుళూరు పోయి వచ్చానని తెలిసిన దగ్గర్నుంచీ మా వీధివాళ్ళు ఒకటే ప్రశ్నలు. లాల్‌బాగ్ చూశావా? మహారాజుగారి మేడ చూశావా? కరెంటు దీపాలు పట్టపగల్లా వెలుగుతాయట, నిజమేనా? ఈ మూడింటిలో నేను చూసింది దీపాలొక్కటే. అవి కూడా యుద్ధం మూలంగా ముసుగు వేసుకుని కునుకుతున్నాయి. తోటలూ మేడలూ కావలసినవారు ఇక్కడే ఆగిపోయి, అవి చూసి వచ్చిన పుణ్యాత్ములు రాసినవి చదువుకోవచ్చు. నేను పోయింది ఒక మాట కోసం. ఆ మాట 'దిమ్మరి'.

ముందు నా పని ఏమిటో చెప్పాలి. గుంటూరులో ఒక ధనవంతుడి దయమీద నడిచే నిఘంటు కార్యాలయంలో పన్నెండేళ్ళుగా చీటీలు రాస్తున్నాను. ఒక్కో మాటకు ఒక్కో చీటీ. పైన మాట, దాని కింద అర్థం, ఆ కింద ఆకరం. ఆకరం అంటే ఆ అర్థాన్ని ఏ పుస్తకంలో చదివామో, లేక ఏ ఊళ్ళో ఎవరి నోట విన్నామో రాసే చోటు. అది ఖాళీగా ఉన్న చీటీ చెల్లదు. మేము పుస్తకం మీదా మనిషి మీదా ప్రమాణం చేసి చెప్పేవాళ్ళమే తప్ప సొంతంగా చెప్పేవాళ్ళం కాదు.

'ద' అక్షరం సంపుటం అచ్చయి రెండేళ్ళయింది. అందులో దిమ్మరి పక్కన రెండు అర్థాలున్నాయి. ఒకటి, ఊరూరా తిరిగే వ్యక్తి. రెండు, నడత చెడిన స్త్రీ. రెండు చీటీలూ నేను రాసినవే.

మొన్న ధనుర్మాసం మొదట్లో కార్యాలయానికి ఒక ఉత్తరం వచ్చింది. రాసినాయన బెంగుళూరు చిక్కపేటలో బట్టల వర్తకుడు, పేరు రంగప్ప. నాలుగే వాక్యాలు. "ఆనేకల్లులో మాకు చీరలు నేసి ఇచ్చే ఓబుళమ్మ అనే ఆమెను ఆమె వీధివారు చాలా ఏండ్లుగా దిమ్మరి ఓబుళమ్మ అని పిలుస్తా ఉండారు. ఇప్పుడు మీ పుస్తకంలోని రెండో అర్థం కులం సభలో చదివి, ఆ వీధివారు ఆమెకు చేయిసాయం నిలిపినారు. నాలుగు నెలలుగా ఆ ఇంట్లో మగ్గం ఆడలేదు. ఆ అర్థం మీరు ఎవరి నోట విన్నారో, ఆ నోరు ఏ ఊరిదో దయచేసి తెలియజేయవలెను."

పెట్టెలన్నీ వెతికి ఆ రెండో చీటీ తీశాను. నా దస్తూరీయే, పాత పనివాడిదని ఎవరూ మళ్ళీ చూడకుండానే అచ్చుకు పోయింది. ఆకరం చోటు ఖాళీగా ఉంది.

జవాబు రాయడానికి మూడు రోజులు కూర్చున్నాను. 'ఆ నోరు' అనే దగ్గరికి వచ్చేసరికి కలం ముందుకు పోలేదు. నాలుగో రోజు సెలవు చీటీ ఇచ్చి, ఇంటికి తాళం వేసి, స్టేషనుకు పోయాను. తాళం చెవి ఎవరికి ఇవ్వాలా అని గుమ్మంలో కాసేపు నిలబడ్డాను. ఇవ్వాల్సిన మనిషి ఎవరూ తట్టలేదు. జేబులో వేసుకున్నాను.

గుంతకల్లు దాటాక

నలభై ఆరేళ్ళ వయసులో నంద్యాల దాటడం నాకు ఇదే మొదలు. తిరగడం మీద ఉన్న మాటలన్నీ నాకు కంఠస్థం. సంచారం, పర్యటన, దేశాటన, విహారం, అన్నిటికీ అర్థాలు రాసినవాణ్ణి. తిరగడం మాత్రం చేసిన పాపాన పోలేదు. గుంతకల్లులో బండి మారేటప్పుడు ప్లాట్‌ఫారం తప్పి, ఎదురువైపు పోయే బండిలో ఎక్కి దర్జాగా కూర్చున్నాను. ఒక సిపాయి నా టిక్కెట్టు చూసి నన్నూ నా సంచినీ కలిపి కిందికి దింపాడు.

సరైన బండిలో నాకు ఎదురుగా ధర్మవరంలో ఒకామె ఎక్కింది. ఆమెకో ఏడాదిన్నర పిల్ల. ఆ పిల్ల బల్లకిందనుంచి పాకి ఆ చివరిదాకా పోతుంది, మూటల మీదికి ఎక్కుతుంది, పరాయివాళ్ళ చెంబులు పట్టుకుంటుంది. హిందూపురం వచ్చేసరికి తల్లి అలిసిపోయి నాతో, "అన్నా, ఈ దిమ్మరిదాన్ని రొంత పట్టుకో, నీళ్ళు తెచ్చుకుంటా," అంది.

నేను ఉలిక్కిపడ్డాను. పిల్లని ఒళ్ళో కూర్చోబెట్టుకున్నాను. అది నా కళ్ళజోడు లాగింది. తల్లి తిరిగి వచ్చి పిల్లను తీసుకుని ముద్దు పెట్టుకుంది. నేను సంచిలోంచి చీటీ తీసి రాసుకున్నాను: దిమ్మరి, నిలకడలేని చంటిపిల్ల, ముద్దుమాట. ఆకరం, ధర్మవరం ఆడమనిషి, రైలు. పన్నెండేళ్ళలో మనిషి నోట విని నేను రాసిన మొదటి చీటీ ఇదే. మిగతావన్నీ కుర్చీలో కూర్చుని రాసినవి. సిగ్గుగా ఉన్నా చెప్పక తప్పదు.

వాళ్ళు గౌరీబిదనూరులో దిగిపోయారు. పిల్ల కూర్చున్న చోట నా పంచె కాసేపు వెచ్చగా ఉండి, చల్లబడిపోయింది.

చిక్కపేట

బెంగుళూరు చలి గురించి నన్నెవరూ హెచ్చరించలేదు. హెచ్చరించడానికి ఎవరికీ నేను వెళుతున్నట్టు చెప్పలేదు గనక తప్పు వాళ్ళది కాదు. నూలు ఉత్తరీయం కప్పుకుని స్టేషను బయట గడగడ వణుకుతుంటే జట్కావాడు నన్ను ఎగాదిగా చూసి ఎనిమిదణాలు అడిగాడు. ఆరుకు ఒప్పుకున్నాడు. తరవాత తెలిసింది, నాలుగుకు కూడా వచ్చేవాడట.

పేటలో వీధులు ఇరుకు. బట్టలకొట్లలో బేరాలు కన్నడంలో మొదలై తెలుగులో తెగుతాయి. హోటల్లో కాఫీ అణా. చిక్కగా, మా గుంటూరు కాఫీ సిగ్గుపడేలా ఉంది. కాని సాంబారులో బెల్లం వేస్తారు. మేము కారంతో ఏడుస్తూ తినేవాళ్ళం. ఇక్కడివాళ్ళు తీపితో మురిపిస్తూ పెడతారు. నేను మాత్రం ఇడ్లీని సాంబారుకు దూరంగా జరుపుకుని తిన్నాను.

ఇంకో విశేషం. ఇక్కడ మనిషి కనబడితే చాలు, "ఊటమైందా?" అంటారు. భోజనమైందా అని. జట్కావాడు అడిగాడు, హోటలు గల్లాపెట్టె దగ్గరాయన కూడా, అప్పుడే తిన్నవాణ్ణని తెలిసీ, అడిగాడు. మా ఊళ్ళో నేను తిన్నదీ లేనిదీ ఎవరూ అడిగి చాలా కాలమైంది.

రంగప్పకు అరవై ఏళ్ళుంటాయి. తెల్లటి పంచె, మెడదాకా గుండీలున్న కోటు, నుదుట సన్నని నామం. నేను ఎవరినో చెప్పగానే లేచి నిలబడి, "రండి సామీ, కూర్చోండి," అని చాప చూపించాడు. కాఫీ తెప్పించాడు. ఊటమైందా అని మాత్రం అడగలేదు. నేను గమనించాను.

"కాయితం రాస్తే చాలు కదా, మీరే యాల వచ్చినారు?" అన్నాడు.

"కాయితంలో రాయగలిగింది కాదు."

ఆయన అసలు సంగతి చెప్పాడు. ఓబుళమ్మ మొగుడు మునియప్పకు చిన్నప్పటినుంచీ కుడికాలు సరిగా లేదు. మగ్గం మీద కూర్చున్నాడంటే మంచి పనివాడే, నడక రాదు. అందుకని నేసిన చీరలు మూటగట్టి నెత్తిన పెట్టుకుని, ఇరవై ఏళ్ళుగా ఆమే ఆనేకల్లు నుంచి పేటకు వస్తుంది. బస్సు దొరికితే బస్సు, లేకుంటే కాళ్ళు. తన చీరలతోపాటు వీధిలో ముసలివాళ్ళవీ చేతకానివాళ్ళవీ కూడా తెచ్చి అమ్మిపెట్టేది.

"ఆ యమ్మ కొట్లోకి వస్తూనే, దిమ్మరిది వచ్చిందప్పో అని తానే కేక వేసేది. అంత నవ్వులాటగా ఉండె," అన్నాడు రంగప్ప. "ఆనేకల్లులో అందరూ పుస్తకాలు చదివే చదువుకొట్టంలోకి మీ పుస్తకం వచ్చినాది. ఆ వీధిలోనే ఒకడు, ఆమె వాని చీరలో మరక చూపించి వెనక్కిచ్చినాదని కోపం పెట్టుకొని ఉండాడు. పుస్తకం సభకి ఎత్తుకొనిపోయి చదివినాడు. అచ్చులో ఉండేసరికి ఎవరూ నోరెత్తలా. అచ్చు అంటే మాకు బో బయం సామీ."

"చేయిసాయం నిలపడమంటే?"

"పడుగుకి గంజి పెట్టేది చూసినారా ఎప్పుడన్నా?"

చూడలేదన్నాను. 'పడుగు' మాటకు కూడా చీటీ నేనే రాశానని చెప్పలేదు.

మగ్గం మీదికి ఎక్కేముందు నిలువుపోగులన్నీ కలిపి వీధి పొడుగునా గుంజల మీద చాపి కడతారట. పొద్దెక్కకముందే వాటికి గంజి పట్టించి, పెద్ద కుంచెలతో ఈ చివరినుంచి ఆ చివరికి దువ్వుతూ ఆరబెట్టాలి. ఎనిమిది పదిమంది చేతులు కావాలి. ఆలస్యమైతే పోగులు ఒకదానికొకటి అంటుకుని పడుగంతా పాడు. అందుకని ఎవరి పడుగైనా వీధి వీధంతా దిగుతుంది, కూలి ఉండదు. ఇవాళ నీది, రేపు నాది. ఓబుళమ్మ పడుగుకు మాత్రం నాలుగు నెలలుగా ఎవరూ దిగడంలేదు.

"నూలు కంట్రోలు కాలం. ఉండే నూలు ఇంట్లో పెట్టుకొని ఆ మొగుడూ పెండ్లామూ ఉత్త మగ్గాన్ని చూస్తా కూర్చొని ఉండారు," అన్నాడు రంగప్ప. "ఇప్పుడు చెప్పండి సామీ. ఆ మాట ఎవరు చెప్పినారు మీకు?"

"ఆనేకల్లులోనే చెబుతాను," అన్నాను. ఆయన మళ్ళీ అడగలేదు. లేవబోతుంటే కొట్టు లోపలినుంచి ఒక ముతక కంబళి తెచ్చి నా భుజాన వేశాడు. ధర అడిగితే చేత్తోనే వద్దన్నాడు. నా మీద కోపం అలాగే ఉంది, చలి మాత్రం చూడలేకపోయాడు.

ఆ పూట సత్రంలో ఒంటరిగా పడుకుని చాలాసేపు కప్పు చూశాను. పక్కగదిలో ఒక పెద్ద కుటుంబం, తిరుపతి పోయి వస్తున్నవాళ్ళు, ఎవరు గోడవైపు పడుకోవాలని పోట్లాడుకుంటున్నారు. ఆ పోట్లాట నిద్రపట్టేదాకా విన్నాను.

బొమ్మనహళ్ళి

కలాసిపాళ్యంలో ఎక్కిన బస్సుకు వెనకవైపు ఒక పెద్ద ఇనపడబ్బా తగిలించి ఉంది. పెట్రోలు దొరక్క బొగ్గు మండించి ఆ వాయువుతో నడుపుతున్నారు. ఎత్తు వచ్చినప్పుడల్లా మనం దిగి తొయ్యాలి. ఎక్కినవాళ్ళు పదహారుమంది, నల్లబడని ముఖం ఒక్కటీ లేదు.

బొమ్మనహళ్ళిలో బొగ్గు ఆరిపోయింది. కండక్టరు డబ్బా మూత తీసి ఊదుతుంటే మేమంతా రోడ్డుపక్క దిగాం. రెండువైపులా కోసేసిన రాగి చేలు, మోడు కొయ్యలు. ఒక రైతు ఆవు పలుపు చేత్తో పట్టుకుని గట్టుమీద కూర్చున్నాడు. గుంజకు కట్టకుండా పట్టుకుని కూర్చున్నావేమని అడిగాను.

"ఇది దిమ్మరావప్పా. కడితే పలుపు తెంపుకొని హొసూరు దాకా పోతాది. మళ్ళీ తానే వస్తాది," అన్నాడు. "పాలు బాగా ఇస్తాది. తిరిగే ఆవుకి పాలు జాస్తి."

చీటీ రాసుకున్నాను. ఆయన అది చూసి, "పోలీసా మీరు?" అని లేచి నిలబడ్డాడు. కాదని నమ్మించేసరికి బస్సు కూత పెట్టింది. పరుగెత్తడంలో చెప్పు తెగింది. తెగిన చెప్పు చేత పట్టుకుని ఎక్కాను.

బొమ్మసంద్ర

ఇక్కడ బస్సు పూర్తిగా నిలిచిపోయింది. డ్రైవరు డబ్బాను కాలితో ఒక్కటి తన్ని, "రేపటికే," అని చెప్పి చెట్టుకింద పడుకున్నాడు. మిగతావాళ్ళంతా ఇది మామూలే అన్నట్టు మూటలెత్తుకుని తలా ఒక దారి పట్టారు. నిమిషంలో రోడ్డుమీద నేనొక్కణ్ణే మిగిలాను.

ఎదురింటి ముసలాయన పిలిచి, ఊటమైందా అని అడిగి, జవాబుకు ఆగకుండా లోపలికి తీసుకుపోయాడు. రాగిసంగటి ముద్ద, హురుళికట్టు చారు. హురుళి అంటే మన ఉలవలే. మా వైపు సంగటి అంటే పేదతిండి అని ముఖం తిప్పుకుంటారు. నేనూ తిప్పుకునేవాణ్ణే. ముద్దని నమలబోతే ఇంటిల్లిపాదీ నవ్వారు. దాన్ని చారులో ముంచి మింగాలట. మూడో ముద్దకు నాకూ మింగడం వచ్చింది. డబ్బులివ్వబోతే ఆయన చిన్నబుచ్చుకున్నాడు.

ఆయన తమ్ముడి బండి ఆనేకల్లు వైపు వరిగడ్డి తోలుకుపోతోంది. గడ్డిమీద ఎక్కించుకున్నాడు. ఆకాశంలో ఒకే ఒక్క మబ్బు మా కూడా వస్తోంది. చాలాసేపటికి బండాయన తలెత్తి, "దిమ్మరి మోడము. వాన రాదు, నీడ ఇస్తాది," అన్నాడు.

పిల్ల, ఆవు, మబ్బు. మూడు చీటీలు. ఎక్కడా నా రెండో అర్థం లేదు. గడ్డిమీద వెల్లకిలా పడుకుని ఆ మబ్బును చూస్తూ, ఇక చెప్పవలసింది చెప్పడం తప్ప దారి లేదని గట్టిగా అనుకున్నాను.

ఆనేకల్లు

మగ్గాల చప్పుడు విని వీధి కనుక్కోవచ్చునని బండాయన చెప్పాడు. నిజమే. వరసగా పదహారు ఇళ్ళు, పదిహేనింటిలోంచి టకటక. ఒక్క ఇంటి ముందు మాత్రం చప్పుడు లేదు.

ఓబుళమ్మ నలభై దాటిన మనిషి. పొడగరి, ఎండకు కమిలిన ముఖం. మొగుడు మునియప్ప అరుగుమీద నూలు చుట్టే కండెలు ఖాళీవి ముందేసుకుని ఊరికే తుడుస్తున్నాడు. నేనెవరో చెప్పగానే ఆమె చెంబుతో నీళ్ళు తెచ్చి ఇచ్చింది. నేను తాగేదాకా ఆగింది.

"రాసింది నువ్వేనా?" అంది.

"నేనేనమ్మా."

"నన్ను చూసి రాసినావా?"

"లేదు. ఎవరినీ చూసి రాయలేదు. అది తప్పని మీ పెద్దలకు చెప్పడానికి వచ్చాను."

ఆమె కొంగు దోపుకుని ముందు నడిచింది. వీధి చివర యజమానప్ప ఇల్లు. కులపెద్దను ఇక్కడ యజమానప్ప అంటారు. ఆయన పేరు చిక్కన్న. అరుగుమీద కూర్చోబెట్టాడు. అయిదారుగురు మగవాళ్ళు చేరారు. ఆడవాళ్ళు గుమ్మాల్లో నిలబడ్డారు. ఎవరూ ఊటమైందా అనలేదు.

చెప్పాను. ఆ రెండో అర్థానికి ఆధారం లేదనీ, రైల్లో ఒకరు, బొమ్మనహళ్ళిలో ఒకరు, బొమ్మసంద్ర బండిలో ఒకరు ఆ మాట ఎలా వాడారో చీటీలు తీసి చదివి చూపించాను. చిక్కన్న అంతా విని తాపీగా అన్నాడు.

"పంతులూ, అచ్చులో ఉండేది అబద్దమని ఇప్పుడు నోటితో చెప్తా ఉండావు. అచ్చులోనే అబద్దం రాసినోడి నోట్లో మాట నిజమని మేము యట్ల నమ్మేది?"

దీనికి నా దగ్గర చీటీ లేదు. లేచి పోదామనిపించింది. ఓబుళమ్మ స్తంభానికి ఆనుకుని నిలబడి నేలవైపు చూస్తోంది. అప్పుడు, నా జన్మలో ఎవరికీ చెప్పనిది చెప్పాను.

నాకు భార్య ఉండేది. ఇప్పటికీ ఉంది, నా దగ్గర లేదు. కలుపుగోలు మనిషి. పని అయిన వెంటనే నాలుగిళ్ళు తిరిగి, వాళ్ళ కష్టం సుఖం కనుక్కుని వచ్చేది. నేను కార్యాలయంనుంచి వచ్చేసరికి ఇంట్లో లేకపోతే నాకు ఒళ్ళు మండేది. నలుగురిలో అనరాని మాటలన్నాను. ఒకనాడు ఆమె చీరలు రెండు సర్దుకుని పుట్టింటికి పోయింది. ఆ వారంలోనే నా బల్లమీదికి దిమ్మరి చీటీ వచ్చింది. మొదటి అర్థం రాశాను. కలం పక్కన పెట్టబోయి, ఇంకో చీటీ తీసుకుని రెండోది రాశాను. ఆమె నడత ఎలాంటిదో నాకు బాగా తెలుసు. మచ్చలేని మనిషి. తెలిసే రాశాను. కోపం తీర్చుకోవడానికి నాకు అదొక్కటే చోటు దొరికింది.

"ఈ అర్థం చెప్పిన నోరు ఎవరిదని రంగప్పగారు అడిగారు. నాదే," అన్నాను.

గుమ్మాల్లో ఎవరో ముక్కు చీదారు. చిక్కన్న గడ్డం నిమురుకున్నాడు. "యోచన చేస్తాము," అన్నాడు. సభ లేచింది. ఆ రాత్రి నన్ను పడుకోనిచ్చింది మునియప్ప అరుగే. కంబళి ముసుగేసుకున్నాను.

తెల్లవారకముందే అలికిడికి మెలకువ వచ్చింది. ఓబుళమ్మ ఒక్కతే వీధిలో గుంజలు పాతుతోంది. మునియప్ప గంజి కుండ దగ్గర. "వాళ్ళు యోచన చేసేలోగా నూలు చెదలు తింటాది," అంది ఆమె నన్ను చూసి. "ఈ పొద్దు పెడతా. పోతే పోనీ."

పడుగు చాపాం. వీధిలో సగం దూరం తెల్లగా పరుచుకుంది. నేను పంచె ఎగగట్టి కుంచె తీసుకున్నాను. ఆమె ఒక పక్క, నేను ఒక పక్క. కుంచె నేననుకున్నంత తేలిక కాదు, గంజి నేననుకున్నంత లొంగేదీ కాదు. నాలుగడుగులు పోయేసరికి నా వైపు పోగులు ముద్దముద్దగా అంటుకున్నాయి. విడదీయబోతే రెండు తెగాయి. తూరుపు ఎరుపెక్కుతోంది. గుమ్మాల్లో జనం నిలబడి చూస్తున్నారు. ఒక్కరూ దిగలేదు. నాకు ఏడుపొచ్చింది. నిజంగానే వచ్చింది, గంజిచేత్తో కళ్ళు తుడుచుకుంటే రెప్పలు అంటుకున్నాయి.

"ఓ పంతులూ! అది పడుగనుకొన్యావా, కల్లాపి చల్లే వాకిలనుకొన్యావా?"

ఎదురింటి అరుగుమీదనుంచి ఒక పండు ముసలామె. తిమ్మక్క అని పిలవడం తరవాత విన్నాను. కర్ర పక్కన పడేసి మెట్లు దిగి వచ్చి నా చేతిలో కుంచె లాక్కుంది. "నూలు దొరకని కాలంలో నా కండ్ల ముందర పడుగు చంపుతావా? పో, ఆ కొన పట్టుకో. గట్టిగా లాగి పట్టు."

ఆమె దువ్వుతుంటే పోగులు మాట విన్నాయి. నాలుగు బారలు దువ్వి, రొప్పుతూ నిలబడి, వీధి మొత్తానికి వినబడేలా అరిచింది.

"ఈ దిమ్మరిదానికి ఆ పేరు పెట్టింది నేను! మా ఆయప్ప మంచాన పడిన ఏడు నా చీరలన్నీ బెంగుళూరికి మోసి అమ్మిచ్చింది ఇదే. కాలు నిలవనిదని నేనే నవ్వులాటకి పెట్టినా. పేరు ఎందుకు పెట్టినావే ముసలీ అని నన్ను ఒక్కరన్నా అడిగినారా? పొయ్యి పుస్తకాన్ని అడిగినారు!"

మళ్ళీ కుంచె ఎత్తింది. కొడుకులిద్దరూ, ముసలితల్లి వీధిలో కష్టపడుతుంటే చూడలేక, గొణుక్కుంటూ దిగారు. వాళ్ళు దిగాక వాళ్ళ పక్కింటివాడు. తరవాత ఇద్దరు ఆడవాళ్ళు. పొద్దు పొడిచేసరికి పన్నెండుమంది. ఎవరూ ఓబుళమ్మతో మాట్లాడలేదు, క్షమాపణలేవీ చెప్పలేదు. "గంజి తే", "ఆ పక్క చూడు", అంతే. ఆమె కూడా అంతే మాట్లాడింది. చీర మరక తగాదా మనిషి తలుపు తియ్యలేదు. చిక్కన్న రాలేదు గానీ, సగంలో ఇంట్లోంచి ఇంకో కుంచె పంపించాడు.

నేను కొన పట్టుకుని వెనక్కి వాలి నిలబడ్డాను. అరచేతులు బొబ్బలెక్కాయి. పని అయిపోయాక ఎండలో పడుగు గలగలలాడింది. తిమ్మక్క వేలితో మీటి చూసి, "బతికింది," అని కర్ర వెతుక్కుంటూ పోయింది. జనం ఎవరి మగ్గాలకు వాళ్ళు పోయారు.

ఓబుళమ్మ చేతులు కడుక్కుంటూ నా వైపు తిరిగింది.

"ఊటం చేసి పోదువు. అన్నం ఉండాది," అంది.

కూర్చున్నాను. వడ్డించి, ఎదురుగా గోడకు ఆనుకుని కూర్చుంది.

"ఆ యమ్మ యాడ ఉండాది ఇప్పుడు?"

"వాళ్ళ అన్నగారింట్లో."

"దూరమా?"

"మా ఊరికి ఆరు మైళ్ళు."

"పిలుచుకొని వచ్చేదానికి పోయినావా?"

"లేదు."

"ఎన్నేండ్లాయె?"

"నాలుగు."

ఆమె నా విస్తరిలో ఇంకొంచెం చారు పోసింది. కోపంగా అనలేదు. నిజంగా తెలియక అడిగినట్టే అడిగింది.

"ఆరు మైళ్ళు పోలేనోడివి, నా కాడికి ఇంత దూరం యట్ల వచ్చినావప్పా?"

నీళ్ళు తాగాను. మునియప్ప లోపల పడుగు మగ్గానికి ఎక్కిస్తూ ఆమెను పిలిచాడు. ఆమె లేచి పోయింది. నేను విస్తరి ఎత్తి, చెయ్యి కడుక్కుని, చెప్పకుండా బయల్దేరాను. వీధి మలుపు తిరిగేసరికి పదహారో మగ్గం చప్పుడు కూడా కలిసింది.

తిరిగి వచ్చి ఇరవై రోజులైంది. దిద్దుబాటు కాగితం అచ్చుకు ఇచ్చాను. తప్పు నాదని పై అధికారికి చెప్పాను. ఆయన కోప్పడి ఊరుకున్నాడు. ఓబుళమ్మకు నేను చెయ్యగలిగింది అంతే. రోజూ సాయంత్రం కార్యాలయంనుంచి వచ్చి చెప్పులు విప్పకుండా కాసేపు గుమ్మంలో నిలబడుతున్నాను. మా వీధి చివరినుంచి మా ఆవిడ ఉన్న ఊరికి రోడ్డు తిన్నగా పోతుంది. పొద్దున్నే బయల్దేరితే ఎండెక్కకముందే చేరవచ్చు. ఆవిడ తలుపు తీసి ఎందుకొచ్చావంటే ఏం చెప్పాలో ఇంకా తెలియలేదు. నిన్న సగం దూరం పోయి తిరిగి వచ్చాను.